ఊదారంగు పట్టీ

అలబామాలో పాత ట్రక్కులు అమ్మే అతను, ప్రమాదంలో చిక్కుకున్న తన కవల పిల్లల కోసం రెండు జతల ఉతికిన బట్టలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. అప్పటికే కొడుకు గ్రేడీ పోయాడు.

"ఇద్దరికీ ఒకేలా రక్తం పోయిందన్నారు కదా డాక్టరమ్మా. మరి లొరేన్ ఎలా బతికింది?"

"అమ్మాయి కాలేయం తట్టుకుంది సార్. ఆడవాళ్ల ఒంట్లో ఎక్కువుండే ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలు కాలేయంలో ఉంటాయి. అది అందితే కాలేయం నిలబడుతుంది. ఎలుకల్లో చూశాం. ఈమె విషయంలోనూ అదే కారణమని మాత్రం ఒట్టేసి చెప్పలేను."

"వాడికీ అదే ఎక్కించాల్సింది."

"మనుషుల మీద ఇప్పుడే పరీక్షిస్తున్నాం. స్పృహలేని వాళ్లను అనుమతి అడగలేం కదా, అందుకే ఆ మందు వద్దనుకునేవాళ్లకు చేతికి కట్టుకోమని ముందుగానే ఊదారంగు పట్టీలు పంచాం. మీవాడి చేతికి పట్టీ ఉంది, అందుకే ఎక్కించలేదు."

"నేనే కట్టించాను, ఇద్దరికీ. ఊరికే ఇచ్చే మందులో ఏదో మెలిక ఉంటుందన్నాను. 'ట్రక్కులమ్మీ అమ్మీ నీకు అందరూ దొంగల్లాగే కనిపిస్తారు నాన్నా' అని నవ్వాడు వెధవ."

"పట్టీ లేకపోయినా సగంమందికి ఉత్త ఉప్పునీరే ఎక్కిస్తాం సార్. ఆ మందు పనిచేస్తుందో లేదో మాకే తెలీదు."

"అంతకన్నా తక్కువ ఆశతో బేరాలు చేశాను డాక్టరమ్మా."

"అమ్మాయి మిమ్మల్ని అడుగుతోంది. వెళ్లండి."

అతను ఒక జత కుర్చీలో పెట్టి, రెండోది తీసుకుని లోపలికి వెళ్లాడు. లొరేన్ మణికట్టుకు పట్టీ ఇంకా ఉంది. దానివల్ల ఆ పిల్లకు పోయిందేమీ లేదు. అతనికి మిగిలింది ఆ పిల్లే.