బొట్టు పెట్టి పిలిచినావిడ

కూర్చో సాకేత్. బూట్లు అక్కడే విప్పు, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పంతా కార్పెట్‌కి పూస్తావు. ఏంటి, కనకదుర్గ గారి ఫోటో కావాలా? ఉగాదికి స్టేజీ మీద పెట్టి దండ వేస్తారా? ఎవరి బుర్రలో పుట్టిందిది? తెలుగు సంఘం కమిటీయా? ఓహో! బతికుండగా ఆవిణ్ణి ఓ మూలన కూర్చోబెట్టింది ఆ కమిటీయేగా. నీకేం తెలుసులే, నువ్వీ కెనడాకి, ఈ వాటర్లూకి వచ్చి ఎన్నాళ్ళని. ఫోటో ఇస్తానో ఇవ్వనో తర్వాత చూద్దాం. ఆ ఫోన్ జేబులో పెట్టి ముందు ఆవిడెవరో విను.

మేం సార్నియాలో ఉన్నప్పుడు తెలుగువాళ్ళ ఇళ్ళు వేళ్ళ మీద లెక్క. మా ఆయన పాండురంగ గారూ, ఆవిడ భర్త విశ్వేశ్వరరావు గారూ ఒకే కెమికల్ ప్లాంట్లో షిఫ్టులు. బస్సులా, ఉన్నా లేనట్టే. కారు తోలడం రాని ఆడది ఇంట్లో పడుండాల్సిందే. కనకదుర్గ గారు డ్రైవింగ్ ఎందుకు నేర్చుకుందనుకున్నావు? ఉద్యోగానికా? పేరంటానికి పిలవడానికి! నవ్వకు. "ఫోన్లో పిలుపేంటే హైమా, బొట్టు కూడా ఫోన్లోనే పెడతామా?" అనేది. మంచు మోకాలు లోతున్నా సరే, పట్టుచీర మీద బొంతంత కోటు, కాళ్ళకి మగాళ్ళ బూట్లు, చేతిలో కుంకుమ భరిణె. ఇంటింటికీ తిరిగేది. గుంటూరా, కడపా, కరీంనగరా అని అడిగేది కాదు. ఇప్పుడో, కొత్తవాళ్ళు కనపడితే చాలు, "మీ ఇంటిపేరేంటండీ" అని మొదలెట్టి కులం తేలేదాకా వదలరు. సిగ్గుండాలి, సముద్రాలు దాటొచ్చాం! ఆవిడ పక్కింటి తెల్లావిడక్కూడా బొట్టు పెట్టింది. ఆ మహాతల్లి దాన్ని తుడుచుకోకుండా చర్చికెళ్ళింది, తెలుసా. అలాగని వాళ్ళందరూ దేవతలని కాదు. మా తాలింపు ఘాటుకి కిటికీలు ధడేల్న మూసినవాళ్ళూ ఆ వీధిలోనే ఉన్నారు.

ఎక్కడున్నాను... ఆఁ, పిలుపు. పిలుపంటే పిలుపు ఒక్కటే కాదు నాయనా. బొట్టు పెట్టాలంటే మనిషి మొహం చూడాలిగా. ఒక దసరాకి, నాకు కడుపు పోయింది. ఎవరికీ చెప్పలేదు, మా ఆయన్నీ చెప్పొద్దన్నాను. ఆవిడొస్తే తలుపు తీసి, "తప్పకుండా వస్తానండీ" అని నవ్వాను కూడా. నా నుదుటి మీద పెట్టిన వేలు అలాగే ఆగిపోయింది. "ఏమైందే?" అంది. అంతే, ఏడుపు తన్నుకొచ్చింది నాకు. భరిణె పక్కన పడేసి, కొంగు బిగించి, వంటింట్లోకెళ్ళి చారు పెట్టింది. మిగతా ఇళ్ళకి వెళ్ళనే లేదు. ఆ ఏడు పేరంటమే చెయ్యలేదు. మీ వాట్సాప్ గ్రూపులో ఎంతమందిప్పుడు? వందలా? "గ్రూపులో పెట్టేశాం ఆంటీ, అందరూ చూస్తారు" అంటారు. ఏం చూస్తారయ్యా? నేనా రోజు గ్రూపులో ఉంటే, నేనూ ఓ బొటనవేలు బొమ్మ పెట్టేసి తలుపేసుకునేదాన్ని.

సరే, రిటైరయ్యాక వాళ్ళు ఈ పక్క ఊరు కిచెనర్ వచ్చారు, మేం ఇటొచ్చాం. ఇక్కడ మనవాళ్ళని చూసి ఆవిడ సంబరం చెప్పలేను. "ఇంతమందే హైమా! పిలవడానికి ఎన్ని రోజులు తిరగాలో!" అని. ఏడాది తిరక్కుండా విశ్వేశ్వరరావు గారు పోయారు. గుండె. మరుసటి శ్రావణంలో మీ సంఘం సామూహిక వరలక్ష్మీవ్రతం పెట్టింది. ఈవిడ మామూలుగా భరిణె తెచ్చుకుని, ఎవరెవరి ఇళ్ళకి వెళ్ళాలో చెప్పండి అంది. అందరూ ఫోన్లలో తలదూర్చారు. అప్పుడు సుధామయి అని ఒకావిడ, సాఫ్ట్‌వేర్‌లో పెద్ద మేనేజరు, గొంతులో చక్కెర పోసుకుని, "ఆంటీ, ఏమీ అనుకోకండి, నాకైతే ఇలాంటివి లేవు, కానీ మా అత్తగారు ఇండియా నుంచి వచ్చున్నారు, కొంతమంది ఫీలవుతారు, శుభకార్యం కదా... మీరు హాయిగా రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర కూర్చోండి" అంది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే అదే! మొగుడు పోతే ఆవిడ వేలికి పురుగు పట్టిందా? నేను లేచి నోటికొచ్చినట్టు తిట్టాను. "కామ్ డౌన్ ఆంటీ" అన్నారు. కనకదుర్గ గారు మాత్రం భరిణె మూతపెట్టి, "పద హైమా" అంది.

ఇల్లు అమ్మేసి సార్నియాకే పోయింది. అదే వీధి. ఆ తెల్లావిడ ఏదో వండుకొచ్చి, "గురువారాలు చర్చిలో బొంతలు కుడతాం, నువ్వూ రా" అందట. మొగుడు ఉన్నాడా పోయాడా అన్నది వాళ్ళ బొంతకేం అడ్డం? అప్పటికే అక్కడి కాలేజీకి మన పిల్లలొస్తున్నారు. వర్ష, నిఖిల అని వరంగల్ పిల్లలు, ఆవిడింటి కింద బేస్‌మెంట్లో అద్దెకుండేవాళ్ళు. సరుకులకి ఈవిడే కార్లో తిప్పేది. వాళ్ళేదో వ్రతం పెట్టుకుని "అమ్మమ్మా, మాకు బొట్టు పెట్టు" అన్నారట. "నేను పెట్టకూడదే" అంటే, "ఎవలన్నరు? పేరు చెప్పు, మేం చూస్కుంటం!" అన్నారట. చెప్తూ చెప్తూ ఫోన్లో ఎంత నవ్విందో! చివరికి హాస్పిటల్లో మంచం పక్కనున్నది ఆ పిల్లలూ, తెల్లావిడా, నేనూ. ఇక్కణ్ణుంచి సార్నియా ఎంత, రెండు గంటల డ్రైవ్. గ్రూపునిండా ఓం శాంతులు కురిపించారు గానీ, ఒక్క మనిషి కారు తియ్యలేదు. ఒక్క మనిషి!

ఇదిగో ఫోటో, బావుంది కదూ. దీనికి దండేసి, గంధం రాసి, బొట్టు కూడా పెడతారుగా? వద్దన్నవాళ్ళే పెడతారుగా? కుదరదు. నేనొచ్చి పెడతాను. ఆ చేత్తోనే కిందకి దిగి, హాల్లో ఆడవాళ్ళందరికీ పెడతాను. మా ఆయన పోయాడు, నేనూ ఇప్పుడు ఆవిడ లాంటిదాన్నే. ఏంటి, కమిటీని అడిగి చెప్తావా? కమిటీని నేనే అడుగుతాలే, నీ సంగతి చెప్పు. మీ అమ్మా నాన్నా వచ్చున్నారన్నావుగా. ఆ హాల్లో మీ అమ్మ ముందు వరసలో కూర్చుంటుంది. ఆవిడ నుదుటి మీద నన్ను బొట్టు పెట్టనిస్తావా?

...

బూట్లేసుకుంటున్నావా? అయితే ఆ ఫోటో ఇలా ఇచ్చెయ్. రోడ్లు జారుడుగా ఉన్నాయి, నిదానంగా వెళ్ళు.