టైలరమ్మ ఎడమచేతి రంగు

అధ్యక్షస్థానంలో ఉన్న డాక్టరుగారికి, నన్ను నమ్మి పనిలో పెట్టుకున్న పెద్దాయనకి, ముందు వరుసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మా ఆయనకి, (నవ్వులు) నా వీడ్కోలు సభకి వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

నా పనేమిటో తెలియనివాళ్ళు కూడా ఈ హాల్లో ఉన్నారు కాబట్టి చెబుతాను. మా మేస్త్రీ కృత్రిమ చేతులు, కాళ్ళు తయారు చేస్తాడు. పెట్టుకునేవాళ్ళ ఒంటి రంగు వాటికి వేయడం నా పని. యాక్రిలిక్ రంగు తడిగా ఉన్నప్పుడు ఒకలా, ఆరాక కాస్త ముదురుగా కనిపిస్తుంది. అందుకే కలిపి, చిన్న ముక్క మీద పూసి, ఆరనిచ్చి, కిటికీ వెలుగులో ఆ మనిషి మణికట్టు పక్కన పెట్టి చూడాలి. కుదిరాక, మిగిలినదాన్ని చిన్న సీసాలో అంచుదాకా నింపి, మూత కింద ప్లాస్టిక్ కాగితం పరిచి బిగిస్తే గాలి తగలక ఏళ్ళు నిలుస్తుంది. రంగు అరిగిపోయి ఆ మనిషి మళ్ళీ వస్తే అదే సీసా తీయొచ్చు. ఈ నిల్వ పెట్టడం గురించి నాకు కొంచెం గర్వం ఉండేది. కొంచెమేనా అంటున్నాడు మేస్త్రీ. సరేనయ్యా, బోలెడు. (నవ్వులు)

కిందటి చలికాలం మన టైలరమ్మ వచ్చింది. ప్రమాదంలో ఎడమచెయ్యి పోయినా, మేస్త్రీ చేసిన చేత్తో బట్ట అదిమిపట్టి కుట్టుకునే మనిషి. ఆమె సీసా తీశాను. నిన్న కలిపినట్టుంది రంగు. వేసి, ఆరాక కుడిచేతి పక్కన పెడితే కుదరలేదు. ఆమె కుడిచెయ్యి నల్లబడింది, మచ్చలు వచ్చాయి. కొత్తది కలుపుతానంటే, "వద్దక్కా, ఒక్క చెయ్యైనా వయసులో ఉండనీ" అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. "బస్సులో పక్కనావిడ రెండు చేతులూ మార్చి మార్చి చూసిందక్కా. ఒళ్ళు మండిపోయింది. కొత్తది కలిపెయ్. మచ్చలు కూడా పెట్టు, ఎగ్గొట్టకు."

కలిపాను. నా కంటికి అచ్చంగా కుదిరింది. నా దగ్గరే పని నేర్చుకున్న మా కోడలు మాత్రం, "పసుపు ఎక్కువైంది అత్తయ్యా" అంది.

"సరిగ్గా చూడు" అన్నాను, కాస్త గట్టిగానే.

చూసి, మళ్ళీ అదే మాట మెల్లగా చెప్పింది. టైలరమ్మ మొహమాటపడి ఆ చెయ్యే పెట్టుకుని వెళ్ళిపోయేలా ఉంది. కుంచె కోడలి చేతికిచ్చి లేచాను. అది కలిపి, వేసి, మచ్చలు దిద్దింది. ఆరాక చూస్తే నా రంగుకీ దాని రంగుకీ నాకు తేడా తెలియలేదు. టైలరమ్మ రెండు చేతులూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసుకుంది. "ఇది నాది" అంది.

ఆ తర్వాత కళ్ళు చూపించుకుంటే శుక్లం అన్నారు, అందుకే పసుపు తేడా తెలియలేదట. ఆపరేషన్ చేయించుకుని మళ్ళీ పనిలోకి రమ్మని డాక్టరుగారు పెద్దమనసుతో అన్నారు. రాను డాక్టరుగారూ. నేను నొచ్చుకుంటానని తెలిసి కూడా మా కోడలు రంగు దగ్గర అబద్ధం చెప్పలేదు. ఆ కిటికీ పక్క కుర్చీ దానిది. మర్యాదకి అంటున్న మాట కాదిది; వదిలి వెళ్ళడం కష్టంగానే ఉంది.

అమ్మాయ్, సాయంత్రం ఇంటికొచ్చాక ఆ రోజు ఎవరి చేతికి ఏ రంగు కలిపావో నాకు చెప్పు. సలహాలివ్వను. ఊరికే వింటాను. (నవ్వులు) నవ్వకండి, నిజంగానే ప్రయత్నిస్తాను.

ఓపిగ్గా విన్నారు, మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు.