ఏటి ఇసుకలో మూడు రోజులు

డేరా బాబాయికి రెండు రకాల కోతలు వచ్చు. పగలంతా కొట్లో కాన్వాసు గుడ్డ కోసేవాడు, సాయంత్రం ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద కూర్చుని మాటలు కోసేవాడు. గుడ్డ కోసేటప్పుడు అర అంగుళం తేడా రానిచ్చేవాడు కాదు. మాటల దగ్గరికొచ్చేసరికి మాత్రం కొలతే ఉండేది కాదు.

ఆ సాయంత్రం బళ్లో ఆటలు నేర్పే టీచరమ్మ వచ్చింది. మర్నాడే ముప్పై మంది ఆడపిల్లల్ని తీసుకుని బయలుదేరుతోంది, రెండు రోజులు డేరాల్లో మకాం. దానికోసం పది డేరాలు కుట్టించుకుంది. వాటిలో ఒకటి చేత్తో ఎత్తి చూసి, "బరువుగా ఉంది బాబాయిగారూ. ఇప్పుడందరూ పల్చటి నైలాను డేరాలే కొంటున్నారట. దీన్లోకి వాన కారదు కదా?" అంది.

బాబాయి టీగ్లాసు బల్ల మీద టక్కున పెట్టాడు.

"కారడమా! నా ముందు అన్నావు సరే, డేరా ముందు అనకమ్మా, నొచ్చుకుంటుంది. ఇరవై ఏళ్ల కిందట ఇలాంటిదే ఒకటి కుట్టి, ఏటి ఇసుకలో వేసుకుని పడుకున్నాను, ఒక్కణ్ణే, తోడు పిట్ట కూడా లేదు, వాన మొదలైంది, మామూలు వానా? చినుకు ఒక్కోటి గుమ్మడికాయంత! లోపల నేను అగ్గిపుల్ల గీస్తే భగ్గుమంది. అంత పొడి!"

"అంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు పోస్ట్‌మ్యాన్, సైకిలుకి స్టాండు వేసి బల్ల మీద చోటు చేసుకుంటూ.

"అప్పుడే ఏం నమ్ముతావు, ఇంకా మొదలే కాలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో రోజు ఏరు పొంగింది. నీళ్లొచ్చి డేరా చుట్టూ నిలబడ్డాయి. రెండు వరసల కుట్టు, మైనం పట్టించిన దారం, ఎక్కణ్ణించి దూరతాయి పాపం? చుట్టూ తిరిగి తిరిగి కాళ్లు నొప్పులెట్టి వెనక్కి పోయాయి. ఇంతలో గుమ్మం దగ్గర ఎవరో గోకుతున్న చప్పుడు. తెర తీద్దును కదా, పెద్దపులి! తడిసి పిల్లిలా అయిపోయింది."

"మరి మీరేం చేశారు?" అంది టీచరమ్మ.

"ఇంటికొచ్చినవాళ్లని పొమ్మంటామా? కాళ్లు తుడుచుకుని రా అన్నాను. తుడుచుకుంది. అంత బుద్ధి మా బావమరిదికి లేదు."

బల్ల చివర కూర్చుని టీ ఊదుకుంటున్న బావమరిది తలెత్తి చూశాడు. లారీ డ్రైవరు, తక్కువ మాటల మనిషి. మళ్లీ టీలోకి చూసుకున్నాడు.

"మూడో రోజు ఏటికి పౌరుషం వచ్చింది," అని బాబాయి గొంతు పెంచాడు. "తాటిచెట్టంత కెరటం! నేను బయటికొచ్చి మేకు మీద కాలు పెట్టి, 'ఇది నా చేతి కుట్టు, దమ్ముంటే తడుపు' అన్నాను. ఏరు ఆగింది. నన్ను చూసింది, డేరాని చూసింది, నోరు మూసుకుని పక్కకి తిరిగి పోయింది. ఇప్పటికీ అక్కడ వంపు ఉంటుంది చూడండి, అది ఆ రోజు తిరిగిన వంపే!"

"ఆ వంపు మా తాత చిన్నప్పటినుంచీ ఉంది," అంది టీకొట్టు అక్క, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"మీ తాత చూసింది చిన్న వంపమ్మా. నేను చెబుతున్నది పెద్ద వంపు."

టీచరమ్మ హాయిగా ఊపిరి పీల్చుకుంది. "పులి మాట ఎలా ఉన్నా, డేరా గట్టిదని తెలిసింది. మేం దిగేదీ ఆ ఇసుకలోనే. చదునుగా, మెత్తగా ఉంది, పిల్లలకి వీపులు నొప్పెట్టవు. కొండల మీద మబ్బు పట్టిందని హెడ్మాస్టరుగారు వద్దంటున్నారు. మీరు మూడు రోజులున్న చోటేనని చెబుతాను."

బాబాయి మళ్లీ ఎత్తిన గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఇసుకలో వద్దమ్మా."

"అదేంటండీ? మీరున్నారుగా?"

"నా సంగతి వేరు."

"డేరా అదే కదా, మీరే అన్నారు."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. బాబాయి నోరు మూడు రోజుల మేర జారిపోయింది. ఎటు తిప్పుదామన్నా తను చెప్పిందే అడ్డం వస్తోంది.

అప్పుడు బావమరిది గ్లాసు కింద పెట్టాడు. "మూడు రోజులు కాదు బావా, మూడు గంటలు. నీ డేరా తడవలేదన్నావు, నిజమే. మేకులతో సహా కొట్టుకుపోయాక అది తడిసిందో లేదో ఎవరు చూశారు? నువ్వు తుమ్మకొమ్మ పట్టుకుని వేలాడుతుంటే నేను లారీ తాడు విసిరి లాగాను. ఊరొచ్చేదాకా వెక్కి వెక్కి ఏడ్చావు. నీ కళ్లు తుడవడానికి నా తువ్వాలు చాల్లేదు."

టీకొట్టు ఘొల్లుమంది. పోస్ట్‌మ్యాన్‌కి పొలమారింది.

'ఏడ్చింది నేను కాదు, పులి' అన్న మాట బాబాయి నాలిక చివరిదాకా వచ్చింది. అంటే చాలు, నవ్వేవాళ్లంతా మళ్లీ తన పక్షానికి వచ్చేసేవాళ్లు. కానీ టీచరమ్మ నవ్వడం లేదు. చేతిలో పిల్లల పేర్లు రాసిన కాగితం పట్టుకుని, ఇద్దరిలో ఎవర్ని నమ్మాలా అని చూస్తోంది.

బాబాయి లేచి నిలబడ్డాడు.

"నవ్వండి! అవును, ఏడ్చాను. చావు ఎదురొస్తే ఏడవక పాటలు పాడతారా? ఆ రోజు ఇక్కడ ఒక్క చినుకు లేదు, ఫెళ్లున ఎండ. పైన కొండల్లో ఎక్కడో కురిసింది, ఏరు గోడలా వచ్చి పడింది. నా డేరా వానని ఆపుతుందమ్మా, కారితే నా చెయ్యి నరుక్కుంటా. ఏటిని ఏ డేరా ఆపుతుంది? అక్కడ పొదలకి చెత్త చిక్కుకుని ఉంటుంది, ఎంత ఎత్తున ఉందో చూడు. నీళ్లు అంతదాకా వచ్చి వెళ్లాయన్నమాట. దానికి బాగా పైన, గట్టు మీద వెయ్యి. నేల గట్టిగా ఉన్నా ఫరవాలేదు, కింద గడ్డి పరుచుకోండి. ఎండిన కొమ్మలున్న చెట్టు కింద వద్దు. గుమ్మం గాలికి ఎదురు పెట్టకు. ఇందులో ఒక్క ముక్క అబద్ధమైతే రేపటినుంచి నా కొట్టు మూసేస్తాను!"

ఎవరూ నవ్వలేదు. టీచరమ్మ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"పొద్దున ఆరింటికి బస్సు. మీరూ రండి, గట్టు మీద చోటు మీరే చూపించాలి."

"వస్తాను. మేకులు కూడా నేనే కొడతాను."

"మరి రేపట్నుంచి నీ మూడు రోజుల కథ అయిపోయినట్టేగా బాబాయ్?" అన్నాడు పోస్ట్‌మ్యాన్, కళ్లు తుడుచుకుంటూ.

బాబాయి గడ్డం పైకెత్తాడు. "ఆ పాత కథ ఎవడిక్కావాలి? ముప్పై మంది పిల్లలూ పొడిబట్టలతో తిరిగి రానీ. అప్పుడు ఈ బల్ల మీద ఎవరికీ చోటు దొరకదు, చెబుతున్నా!"