వినాల్సిన మనిషి

యార్క్ పట్నంలో రొట్టెలు చేసే ఉర్సులా, మంత్రసాని తామసిన్‌ను నడిబజారులో "తిరుగుబోతుదానా" అంది. తామసిన్ చర్చి కోర్టుకెక్కి గెలిచింది. మర్నాడు ఆదివారం ప్రార్థనలో ఉర్సులా అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలని తీర్పు. తీర్పు వచ్చిన సాయంత్రమే ఆమె తామసిన్ గుమ్మం ముందుకు వచ్చింది.

"అక్కా, ఇక్కడే నీ కాళ్లు పట్టుకుంటాను. రేపు నన్ను చర్చిలో నిలబెట్టకు."

"బజారులో అన్నదానికి గుమ్మంలో క్షమాపణా?"

"ఆ తర్వాత నా రొట్టె ఎవరు కొంటారు?"

"నువ్వు ఆ మాటన్నాక ఒక్క పురుటికైనా నన్ను పిలిచారా?"

ఉర్సులా గొంతు తగ్గించింది.

"ఆ మాట నేను పుట్టించింది కాదక్కా. ఎవరన్నారో చెబితే నీ కాపురం ఏమవుతుందోనని కోర్టులో నోరు మూసుకున్నాను."

"తెలుసు. తాగినప్పుడు నా మొహం మీదే అంటాడు."

"మీ ఆయనేనని తెలిసీ నా మీద దావా వేశావా?"

"కట్టుకున్నవాడి మీద వేస్తే ఏ కోర్టు వింటుంది?"

ఉర్సులాకు కోపం రావాల్సింది. ఎందుకో రాలేదు.

"రేపు ఆయన చర్చికి వస్తాడా?"

"ఎప్పుడూ ముందు వరసలోనే కూర్చుంటాడు."

"అయితే అతని మొహంలోకి చూస్తూనే చెబుతాను, నువ్వు మచ్చలేని మనిషివని," అంది ఉర్సులా. "గట్టిగా చెబుతాను."