ఓడలో ప్రార్థన గది

ఇటలీలో ఓడలు కట్టే ఆ రేవు ఊళ్ళో శుక్రవారం సాయంత్రం వాన పడుతోంది. మునిసిపాలిటీవాళ్ళు సీలు వేసిన నమాజు గది ముందు, చూరు కింద ఇద్దరు బంగ్లాదేశీ కార్మికులు నిలబడ్డారు. ఒకాయన పెద్దవాడు.

"ఇంతకీ ఏమంటార్రా వీళ్ళు?"

"ఇది దుకాణమట చాచా. దుకాణంలో నమాజు చెయ్యకూడదట."

"టీ తాగొచ్చా?"

"తాగొచ్చు. పేకాడుకోవచ్చు. గుర్రుపెట్టి నిద్రపోయినా అడగరు. నుదురు నేలకి ఆనితేనే తప్పు."

"అయితే మసీదే కట్టుకుంటాం, జాగా చూపించమను."

"అడిగాం. ఊళ్ళో జాగా లేదన్నారు."

"వాళ్ళ ఓడలు కట్టడానికి మాత్రం మనం కావాలి! సరే, ఇవాళ నమాజు ఎక్కడ చేశావు?"

"ఓడలో."

"వేళాకోళాలాడకు."

"ఒట్టు చాచా. ప్రయాణికుల కోసం పై అంతస్తులో ప్రార్థన గది కడుతున్నాం. అన్ని మతాలకీనట. ఓడ ఎటు తిరిగినా మక్కా దిక్కు చూపించే బాణం కూడా పెట్టారు. బిగించింది నేనే."

"డబ్బున్నవాడి దేవుడికి సముద్రంలోనూ గది దొరుకుతుందిరా. తర్వాత?"

"తివాచీ కొత్తది. బూట్లు విప్పి నిలబడ్డానో లేదో, మేస్త్రీ వచ్చేశాడు."

"తిట్టాడా?"

"భుజం తట్టాడు. తివాచీ మాసిపోకుండా బూట్లు విప్పి పనిచేస్తున్నానని అందరి ముందూ మెచ్చుకున్నాడు."

"మరి నమాజు?"

"కింద పడ్డ స్క్రూ వెతుకుతున్నట్టు వంగి, కానిచ్చేశాను చాచా."