గొర్రె కడుపు ఓడ

1948 ఎండాకాలం. సూర్యాపేట నుంచి మునగాలకు పోయే బాట మీద నిజాం సర్కారు వారి తనిఖీ నాకా. అడ్డకర్ర దాటితే భారత యూనియన్ నేల, యూనియన్ పోస్టాఫీసు. నాకా జవాను సైదయ్య నీడకు మంచమేసుకొని దర్జాగా కూర్చున్నాడు. గొర్లకాపరి బుచ్చమ్మ, బొంబాయి నేవీలోంచి వెళ్లగొట్టించుకొని వచ్చిన ఆమె కొడుకు అచ్చయ్య ఎండలో నిలబడ్డారు, పాపం.

"బిడ్డ ఇంటికి పోతున్నవా, అల్లుని ఇంటికి పోతున్నవా నేనడగలే. గంపల ఈ కాగితం సుట్ట ఏందని అడిగిన."

"ఏం లేదయ్యా, బాంచెను. పిచ్చి గీతలు."

"పిచ్చి గీతలు కావు. ఓడ."

"నువ్వు నోర్మూసుకో కొడుకా."

"బాంచెననకు అవ్వా. ఓడ అంటే అయిపోతది గద."

"ఏయ్, దగ్గరికి రాకు! గాడనే, ఆ తుమ్మచెట్టు కాడనే నిలవడు. అడుగు ముందల పడ్డదా, కాలు ఇరగ్గొడ్త. ఓడనా? సూర్యాపేటల ఓడనా?"

"గీసింది సూర్యాపేటల. నడిచేది సముద్రంల."

"నన్నేమన్న ఎడ్డోణ్ణి అనుకున్నవా? ఇది గడీ నక్ష. ఇగో, ఇది దర్వాజ. ముందలిది తుపాకి పెట్టే జాగ. నడుమ ఈ పెద్దది దొర కూసునే హాలు. ఏ దొర గడీ మీద పడుదామని గీసిన్రు? సంగపోళ్లు ఎంతమంది ఉన్నరు?"

"అయ్యో, సంగం లేదు గింగం లేదయ్యా! గొర్లు కాసుకునేటోళ్లం."

"అది దొర హాలు గాదు సైదయ్యా. అది తినే అర్ర. కప్తానుకు సుత, బొగ్గు ఎత్తేటోనికి సుత ఒక్కటే అర్ర, ఒక్కటే కూర. ఈ ఓడల నేను మొదాలు గీసింది అదే."

"ఓడల మొదాలు తిండా?"

"మూడేండ్లు పురుగుల పప్పు తిని లడాయిల నౌకరి చేసిన. ఒకనాడు మేం తినమంటే తినమని అందరం కూసున్నం."

"దానికే ఎల్లగొట్టిన్రా?"

"తప్పయింది, మందిల కొట్టుకపోయిన అని ఒక్క మాట అనుమన్నరు. అనలే."

"సూసినవా అయ్యా? ఒక్క మాటంటే నౌకరి నిలవడుతుండె. అప్పటిసంది గిట్లనే, బుర్ర చెడిపోయింది. గొర్లెంబడి పోయి ఇసుకల గీస్తడు. మిర్యాలగూడ దాక నడిచిపోయి కాగితం కొన్కస్తడు. తిండి సోయి లేదు, నిద్ర సోయి లేదు."

"నా బుర్ర మంచిగనే ఉన్నది అవ్వా."

"మంచిగుంటే చెప్పు మరి. ఇదేం ఓడ?"

"నీళ్ల కింద నడిచే పడవలుంటయి. మీదికి కనవడవు. సామాన్ల ఓడలు మంద లెక్క పోతుంటే, అవి తోడేలు లెక్క కిందికెల్లి వచ్చి ఒక్కొక్కదాన్నే ముంచుతయి. దాన్ని పట్టేటందుకు ఇది. మంద కుక్క అనుకో. పెద్దది గాదు, మస్తు ఖర్చు గాదు. పెద్ద ఓడ ఒక్కటి చేసే పైసలతోని ఇసొంటివి ఓ గుంపు చేయచ్చు. అడుగుకు ఒక చెవి ఉంటది..."

"ఓడకు చెవా!"

"ఆ చెవి కాడ కూసున్నోణ్ణి నేనే. అది నీళ్లల్లకు సప్పుడు ఇడుస్తది. కింద పడవ ఉంటే సప్పుడు తగిలి మర్లొస్తది. అది ఏ దిక్కున్నది, ఎంత దూరమున్నది ఎరుకయితది. అప్పుడు ఎనకకెల్లి మందుపీపాలు దొర్లిస్తరు. లోతుకు పోయి పేలుతయి."

"ఈ గుండ్రటియేనా పీపాలు? గిన్ని పీపాలు గింత సన్నటి ఓడ మీదనా? కాకరకాయ లెక్కున్నది గద!"

"సన్నగెట్లుంటది? సక్కగ సూడు. ఈనబోయే గొర్రె కడుపు లెక్క ఉంటది. మొదాలు ఒకటి సన్నగనే గీసిన. పీపాలు మీద పెడ్తె ఒక్క అలకే పక్కకు ఒరిగి మునుగుతదని..."

"వాని మాటలేం ఇంటవయ్యా! ఎండకు కండ్లు తిరుగుతున్నయి వానికి. గొర్రె కడుపట, ఓడట! ఇంటే నలుగురు నవ్వుతరు."

"నువ్వాగు. ఏయ్ పిలగా, ఎవలకు పంపుతున్నవ్ ఇది? ఏ సర్కారుకు?"

"సముద్రమున్న సర్కారుకు."

"అంటే యూనియన్‌కు!"

"నేనా మాట అనలే. నువ్వే అన్నవ్."

"అచ్చయ్యా, జర సోంచాయించు. గడీ నక్ష అయితే జేలు. యూనియన్‌కు లడాయి ఓడ అయితే ఏమయితదో ఎరుకేనా?"

"ఎరుకే."

"కోదాడ దిక్కు నాకా జవాను గింత ఓపిక పట్టడు. నేను ఈ పక్క ఊరోణ్ణి గాబట్టి చెప్తున్న. మన నిజాం సర్కారుకే గీసిన అను. ఒక్క మాట. పోలీసు అమీన్ సాబ్ కాడికి తోల్కపోత, ఇనాం సుత ఇస్తడేమో."

"సముద్రం లేని సర్కారు ఓడను ఏం జేసుకుంటది? మూసీల ఈతకొట్టిస్తదా?"

"యా అల్లా! వీనికి నిజంగనే బుర్ర లేదు."

"అదే గద అయ్యా, నేను ఎప్పటిసంది మొత్తుకునేది! పిచ్చోడు. ఇడిసిపెట్టు, నీకు పుణ్యముంటది."

"పిచ్చోడయితే ఇవి పిచ్చి గీతలే."

"పిచ్చి గీతలే."

"ఎందుకూ పనికిరావు."

"ఎందుకు పనికొస్తయయ్యా, ఎందుకూ పనికిరావు."

"అట్లయితే ఇగో, నా అన్నం పొయ్యి మండుతున్నది. నీ చేతులతోని నువ్వే పెట్టు అండ్ల."

"అవ్వా, వద్దు."

"పెడ్తె పిచ్చోడని ఇడుస్త. పెట్టకుంటే ఇద్దర్నీ తోల్కపోత."

"అవ్వా, వద్దంటున్న! సైదయ్యా, నన్ను తోల్కపో, జేల్ల ఎయ్యి, కాగితం ముట్టకుర్రి! అవ్వా, నీ కాళ్లు మొక్కుత..."

"చెట్టు కాడికెల్లి కదలకు కొడుకా! ఇగో అయ్యా, పెట్టిన. అంటుకున్నది. కాలింది. సాలా?"

"సాలు. ఆగు, ఆ భుజం మీది గొంగట్ల ఏమున్నది?"

"నిన్న గొర్రె ఈనింది, పిల్లను దీంట్లనే సుట్టి తెచ్చిన. ఇప్పి సూస్తవా? ఇగో, పట్టు."

"థూ, ఏం వాసన! పట్కపో, పట్కపో! నా అన్నం కాడికి తేకు!"

అడ్డకర్ర లేచింది. మునగాల వైపు నాలుగడుగులు వేసి అచ్చయ్య బాట పక్కన కూలబడ్డాడు.

"లే కొడుకా. పోస్టాఫీసు మూస్తరు."

"పోస్టాఫీసుల ఏమియ్యాలె? బూడిదనా?"

"లే అంటున్న."

"నేను గీస్తుంటే నువ్వే గద దీపం పట్టుకున్నవ్. గాలికి కాగితం లేవకుంట మూలలకు రాళ్లు పెట్టింది నువ్వే గద. నీకు చేతులెట్లొచ్చినయి అవ్వా? వాడు నన్ను జేల్ల పెడ్తె పెడ్తుండె!"

"పెడ్తుండె. కాగితాన్ని సుత కాలుస్తుండె. ఏం మిగులుతుండె?"

"బొంబాయిల అంత పెద్ద సాబుల ముంగట నేను తప్పనలే. ఈడ అనలే. నువ్వన్నవ్. నా ఓడ పనికిరాదని నీ నోటితోని నువ్వన్నవ్!"

"అన్న. ఇంకో వందసార్లంట. నువ్వట్ల మొత్తుకుంటేనే గద వాడు నమ్మింది."

"ఏం నమ్మింది?"

"నీకు అబద్ధమాడరాదు కొడుకా. నీ మొకం వాకిట్ల ముగ్గు లెక్క, అందరికీ కనవడ్తది. అబద్ధమాడనొస్తే బొంబాయిల నౌకరి పోతుండెనా? అందుకే నీకు చెప్పలే."

"ఏం చెప్పలే? సక్కగ చెప్పు."

"ఏదన్న ఒకటి దొరకంది నాకాలోళ్లు ఇడువరని నాకెరుకే. పొద్దుగాల నువ్వు మొకం కడగబోయినప్పుడు సుట్ట ఇప్పి మల్ల కట్టిన. సైదయ్య కాకరకాయ అన్నప్పుడు నా పానం పోయినంత పనైంది, నువ్వెక్కడ గుర్తుపడ్తవోనని."

"అవ్వా... అంటే కాల్చింది..."

"మునిగేదాన్ని కాల్చిన. తేలేది నా గొంగట్ల ఉన్నది. లే."