పెట్టెలోంచి తీసిన బూట్లు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. కెంటకీ కొండల్లో ఒక ముసలావిడ ఇంటికి కంట్రీ పాటల మ్యూజియం నుంచి ఒకమ్మాయి వచ్చింది. వరండాలో కూర్చుని ఆవిడ భర్త ఫిడేలునూ, ఆవిడ చిందులాటకు తొడిగిన బూట్లనూ అట్టపెట్టెలో సర్దుతోంది.

“పెద్దమ్మా, ఫిడేలు లోపల ఏదో గలగలమంటోంది. విరిగిందేమో!”

“విరగలేదే పిల్లా. అది గిలకపాము తోక చివర గలగలలాడే గిలక. వేస్తే ఫిడేలు గొంతు బాగుంటుందని మా ఆయన డెల్మర్ వేశాడు.”

“నిజంగా బాగుంటుందా?”

“వాయించడం వస్తే నువ్వే చూసుకో. ఆయన పోయాక దాన్నెవరూ ముట్టుకోలేదు, నేనా బూట్లు తొడగలేదు. మోకాళ్ల నొప్పులు, ఇంక నా ఆట అయిపోయిందిలే.”

“తాతయ్య నేర్పాడు, కొంచెం వచ్చు. నవ్వకూడదు మరి.”

“నవ్వుతాను. ముందు వాయించు.”

అమ్మాయి తీగలు సరిచేసి కమాను అందుకుంది. పాట అందుకుందో లేదో, ముసలావిడ చిందులకు వరండా చెక్కలు దడదడలాడాయి.

“పెద్దమ్మా, మోకాళ్ల నొప్పులన్నారు!”

“అవి కూర్చుంటేనే! ఆపకు, ఇంకా జోరుగా! ఆ పెట్టె ఇటు తొయ్యి.”

“ఎందుకు?”

“వట్టికాళ్లకు టకటక పలకడం లేదు. నా బూట్లు నాకిచ్చెయ్.”

“అయ్యో, అవి మ్యూజియానికి ఇచ్చేశారుగా!”

“ఫిడేలు పట్టుకుపో. అద్దాల బీరువాలో బంధించకుండా అక్కడ శనివారం శనివారం వాయించు. బూట్లూ వస్తాయి, నా కాళ్లతో సహా!”

ఇది గుర్తుంచుకుని మీవాళ్లకూ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం కాలితో తాళం వెయ్యడం మరిచిపోకండి.